సరిహద్దు దాటే రోజే అసలు లెక్క: కౌలాలంపూర్, సింగపూర్ కుటుంబ యాత్ర మీద ఒక కేస్ స్టడీ

ప్రయాణ ప్రణాళికలు వేయడం నా వృత్తి. టికెట్లు అమ్మను. ఎవరు, ఎన్ని రోజులు, ఏ దారిలో వెళ్లి రావాలో కూర్చుని లెక్క వేసి ఇస్తాను. తెలుగు కుటుంబాలు నా దగ్గరికి ఎక్కువగా తెచ్చే కోరిక ఒకటి ఉంది: వారం రోజుల్లో మలేసియా, సింగపూర్ రెండూ చూసి రావాలి. రెండూ పక్కపక్క దేశాలు, కౌలాలంపూర్ నుంచి సింగపూర్‌కు సుమారు 350 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి తిరుపతి వెళ్లే వాళ్లకు అది దూరంగా అనిపించదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఈ కేసులో నిర్ణయాలన్నీ ఆ మధ్య దారి చుట్టూనే తిరిగాయి కాబట్టి రాసిపెడుతున్నాను. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆరుగురు. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే భార్యాభర్తలు, పన్నెండేళ్ల అమ్మాయి, ఐదేళ్ల అబ్బాయి, కోస్తా జిల్లాలోని చిన్న పట్టణం నుంచి వచ్చే భర్త తల్లిదండ్రులు. పెద్దాయనకు మధుమేహం, ఇన్సులిన్ వాడతారు. పెద్దావిడకు మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ శాకాహారులు, ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. సమయం దసరా సెలవులు. భర్తకు దొరికిన సెలవు ఐదు పనిదినాలు, అటూ ఇటూ శని ఆదివారాలు.

వాళ్లు వచ్చేటప్పటికే చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఏదో ఏజెన్సీ ఇచ్చిన ‘ఐదు రాత్రులు, ఆరు పగళ్లు’ ప్యాకేజీ. రెండోది భర్త స్వయంగా కంప్యూటర్‌లో తయారుచేసిన పట్టిక. గంటల వారీగా, రంగులతో, ముచ్చటగా ఉంది. రాకపోకలకు సింగపూర్ టికెట్ చవకగా కనిపించిందని దాని చుట్టూ అంతా అల్లారు: సింగపూర్‌లో దిగడం, రెండు రోజుల తర్వాత విమానంలో కౌలాలంపూర్, అక్కడ కొండ మీద వినోద పార్కున్న గెంటింగ్, బటు గుహలు, పెట్రోనాస్ టవర్లు, వీలైతే లంకావి దీవి, తర్వాత బస్సులో మళ్లీ సింగపూర్, అక్కడి నుంచి ఇంటికి. టికెట్లు ఇంకా కొనలేదు. అది మా అదృష్టం.

సమస్య

“అన్నీ పట్టాయండీ, ఒకసారి చూసి సరే అనండి చాలు” అన్నారాయన.

నేను గంటలు చూడను, పూటలు చూస్తాను. పిల్లలు, పెద్దలు కలిసిన కుటుంబం ఒక పూటలో ఒక పని చేస్తుంది. రెండో పని పెడితే రెండూ సగంలో ఆగుతాయి. ఆరు పగళ్లంటే పన్నెండు పూటలు. రాత్రి విమానంలో వెళ్లి దిగిన ఉదయం ఒక పూట పోతుంది, తిరుగు ప్రయాణానికి ఇంకొకటి. దేశం మారినప్పుడల్లా, ఏ వాహనమైనా సరే, కనీసం ఒక పూట పోతుంది. ఆయన రెండుసార్లు మారుతున్నారు. మిగిలేవి ఎనిమిది. పట్టికలో చూడాల్సినవి పదమూడు.

పట్టికలో కనిపించని ఇబ్బంది ఇంకొకటి ఉంది. సింగపూర్‌లో దిగి, మలేసియా వెళ్లి, మళ్లీ సింగపూర్‌లో అడుగుపెట్టాలంటే సింగపూర్ వీసా మీద ఒకటికి మించిన ప్రవేశాలకు అనుమతి ఉండాలి. ఎన్ని ప్రవేశాలు ఇవ్వాలన్నది వాళ్ల ఇష్టం, దరఖాస్తు చేసినవాళ్ల ఇష్టం కాదు. ఆరుగురిలో ఒక్కరికి ఒకే ప్రవేశం వచ్చినా పట్టిక మొత్తం కూలుతుంది.

మొదట చేసిన ప్రయత్నం: కోత

పదమూడింటిలో ఐదు తీసేయాలి. ఏవి? అందరినీ కూర్చోబెట్టి అడగడం సహజంగా తోచే పద్ధతి. అదే చేశాం, ఏమీ తేలలేదు. అమ్మాయి సింగపూర్ సెంటోసా దీవిలోని వినోద పార్కు యూనివర్సల్ స్టూడియోస్ వదలదు. భర్త ఏదీ వదలడు. భార్య “మీ ఇష్టం” అంది, ముఖంలో మాత్రం ఆ ఇష్టం కనిపించలేదు. పెద్దవాళ్లు “మాకేం వద్దు నాయనా, పిల్లలు చూస్తే మేం చూసినట్టే” అన్నారు. నా వృత్తిలో ఇంతకంటే ప్రమాదకరమైన మాట లేదు. దాన్ని నమ్మి వేసిన ప్రణాళికలో పెద్దవాళ్లు వారమంతా సామాన్లకు కాపలా కాస్తారు. ఇంటికొచ్చాక ఏడాది పాటు ఆ మాట ఏదో ఒక రూపంలో బయటపడుతూనే ఉంటుంది.

అందుకే పద్ధతి మార్చాను. ఆరుగురితో విడివిడిగా ఫోన్‌లో మాట్లాడాను. ఏం చూడాలని ఉంది అని అడగలేదు. తిరిగొచ్చాక “అయ్యో, అది చూడలేదే” అని బాధపడేది ఏదో ఒక్కటి చెప్పమన్నాను. పెద్దావిడ వెంటనే “బటు గుహల సుబ్రహ్మణ్యస్వామి” అన్నారు. పెద్దాయన కాసేపు నసిగి, తీగల మీద వెళ్లే కేబుల్ కారు ఒక్కసారి ఎక్కాలని ఉందన్నారు. భర్తకు పెట్రోనాస్ టవర్లు. భార్యకు సింగపూర్ ఉద్యానవనం గార్డెన్స్ బై ద బేలో రాత్రి దీపాలు. అమ్మాయికి యూనివర్సల్. అబ్బాయికి ఏ జంతువైనా ఫరవాలేదు, పెద్దదైతే చాలు.

గెంటింగ్ పేరు ఒక్కరూ చెప్పలేదు. లంకావి ఊసే లేదు. వెళ్లొచ్చిన వాళ్లంతా ఫొటోలు పెట్టారు కాబట్టి అవి పట్టికలోకి వచ్చాయి. గెంటింగ్ మంచి చోటే, సుమారు 1,800 మీటర్ల ఎత్తున చల్లగా ఉంటుంది. కానీ రానుపోను ఒక పగలు మింగుతుంది. అమ్మాయికి యూనివర్సల్ ఉండగా ఇంకో వినోద పార్కు అవసరం లేదు. పెద్దాయన కేబుల్ కారు కోరిక గెంటింగ్‌లోనే తీరాలని కూడా లేదు. సింగపూర్‌లో మౌంట్ ఫేబర్ కొండ నుంచి సముద్రం మీదుగా సెంటోసా దీవికి 1974 నుంచి కేబుల్ కారు నడుస్తోంది. గెంటింగ్ తీసేయడంతో పెద్ద ముడి విడింది. భర్తకు మాత్రం మూడు రోజులు పట్టింది ఒప్పుకోవడానికి.

రెండో నిర్ణయం: ఎటు నుంచి ఎటు

ఒక దేశంలో దిగి, రెండో దేశం నుంచి ఇంటికి బయల్దేరితే సరిహద్దు ఒక్కసారే దాటుతాం. టికెట్ కొంచెం ఎక్కువైంది. మిగిలిన పూటకు, మధ్యలో ఆదా అయిన ఆరు టికెట్లకు ఆ తేడా చెల్లిపోయింది. ప్రయాణాన్ని కూడా సాగదీశాం: శుక్రవారం రాత్రి బయల్దేరడం, శనివారం ఉదయం అక్కడ దిగడం, తర్వాతి శుక్రవారం రాత్రి తిరుగు విమానం. సెలవు ఒక్కరోజు కూడా పెరగలేదు, పూటలు పద్నాలుగయ్యాయి.

ముందు ఏ దేశం? చాలామంది సింగపూర్ ముందు అంటారు, శుభ్రంగా, సులువుగా ఉంటుందని. నేను మలేసియా ముందు అన్నాను. మొదటి కారణం, దిగిన రోజు ఉదయం. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. ఏడింటికి దిగితే ఒంటికి అది తెల్లవారుజాము నాలుగున్నర. హోటల్ గది మధ్యాహ్నం రెండు, మూడు దాకా ఇవ్వరు. నిద్రలేని ఐదేళ్ల పిల్లాడిని, ఇన్సులిన్ వేసుకునే పెద్దాయనను ఆరేడు గంటలు లాబీలో కూర్చోబెట్టడం కంటే ముందు రాత్రి అద్దె కూడా కట్టేసి నేరుగా మంచం ఎక్కించడం మేలు. ఆ అదనపు రాత్రి కౌలాలంపూర్‌లో కొనడం సింగపూర్‌లో కొనడం కంటే చాలా చవక. రెండోది, మలేసియా 2023 డిసెంబరు నుంచి భారతీయులను వీసా లేకుండా రానిస్తోంది. సింగపూర్‌ను చివర్లో పెడితే ఒకే ప్రవేశం ఉన్న వీసా సరిపోతుంది. మూడోది సామాను. సింగపూర్ లిటిల్ ఇండియాలోని సెరంగూన్ రోడ్డు అంగళ్లలో కొన్నవాటిని సరిహద్దు మీదుగా మోయక్కర్లేదు, అక్కడి నుంచి నేరుగా విమానాశ్రయమే.

మూడో నిర్ణయం: మధ్య దారి

ఇక్కడ మూడు మార్గాలు వరసగా పరీక్షించాం.

విమానం ముందు. గాల్లో గంట. ఇంతవరకే చూసి అందరూ విమానమే అంటారు. గుమ్మం నుంచి గుమ్మానికి వేస్తే లెక్క మారుతుంది. కౌలాలంపూర్ విమానాశ్రయం ఊరికి దూరం, కారులో గంట. రెండు గంటల ముందు చేరాలి. దిగాక ఇమిగ్రేషన్, సామాను, మళ్లీ టాక్సీ. దాదాపు ఆరు గంటలు. అందులో కుటుంబం నిలబడి, నడిచి, వరసలో కాచుకునే సమయమే ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న మనిషికి కూర్చునే ఆరు గంటల కంటే ఇవి కష్టం.

తర్వాత బస్సు. మంచి బస్సులున్నాయి, సీట్లు విశాలం, ధర తక్కువ. ఐదారు గంటల దారి, పైన సరిహద్దులో ఎంత పడుతుందో ఆ రోజును బట్టి. ఇబ్బంది సింగపూర్ వైపు: బస్సు దిగి మొత్తం సామానుతో తనిఖీ హాలు దాటాలి. ఆరుగురి పెట్టెలు మోసేది ఇద్దరు, ఒక చేత్తో పిల్లాడు. వరస ఆలస్యమైతే కొన్ని బస్సులు ఆగవు, అదే కంపెనీ తర్వాతి బస్సు ఎక్కమంటారు. యువకులైతే నేనే బస్సు ఎక్కమంటాను.

మూడోది అద్దె వ్యాను, మధ్యలో మలక్కా అనే పాత పట్టణంలో ఒక రాత్రి. కౌలాలంపూర్ నుంచి మలక్కా సుమారు 150 కిలోమీటర్లు, రెండు గంటలు. అక్కడి నుంచి మర్నాడు సింగపూర్. వ్యానులో వెళ్తే సామాను వాహనంలోనే ఉంటుంది, పాస్‌పోర్టులు కిటికీలోంచి ఇస్తే చాలావరకు సీట్లోంచి కదలక్కర్లేదు. ఇన్సులిన్ వేళకు, పిల్లాడి అవసరాలకు దారిలో ఎక్కడైనా ఆపుకోవచ్చు. ఆరుగురికి లగేజీతో కలిపి విమాన టికెట్లకు అయ్యే ఖర్చును వ్యాను అద్దె మించలేదు. ఒక్క జాగ్రత్త: రెండు దేశాల మధ్య ప్రయాణికులను అద్దెకు తీసుకెళ్లడానికి వాహనానికి లైసెన్సు ఉండాలి. లేని వాహనాలను సింగపూర్ రవాణా అధికారులు పట్టుకుని జప్తు చేస్తున్నారు. సగం ధరకు వస్తానన్న డ్రైవర్‌ను అందుకే వద్దన్నాం.

ఏ వారం, ఏ వేళ దాటాలన్నది ఇంకా ముఖ్యం. రెండు దేశాలను కలిపేవి రెండే దారులు. ఒకటి మలేసియా వైపు జొహోర్ బహ్రూ, సింగపూర్ వైపు ఉడ్‌ల్యాండ్స్ మధ్య 1924లో కట్టిన కాజ్‌వే (నీటి మీది కట్టదారి), పొడవు కిలోమీటరుకు కాస్త పైన. రెండోది పడమటి వైపు తుఆస్ దగ్గర 1998లో తెరిచిన సెకండ్ లింక్ వంతెన. జొహోర్‌లో ఇల్లు, సింగపూర్‌లో ఉద్యోగం ఉన్నవాళ్లు రోజూ పొద్దున్నే ఇటు వస్తారు. సింగపూర్ వాళ్లు వారాంతంలో బేరాలకు అటు వెళ్లి ఆదివారం సాయంత్రం వెనక్కి వస్తారు. కాబట్టి సింగపూర్‌లోకి వచ్చేవాళ్లకు ఆదివారం సాయంత్రం, పనిదినాల తెల్లవారుజాము రెండూ చెడ్డవే. మంగళవారం మధ్యాహ్నం, సెకండ్ లింక్ అని రాసుకున్నాం. మిగతా వారమంతా ఆ గీతకు అటూ ఇటూ సర్దాం.

దీనికి భార్య ఒక మూల్యం చెల్లించింది. మలక్కాలో జోంకర్ వీధి రాత్రి సంత శుక్ర, శని, ఆదివారాల్లోనే. మేం పెట్టింది సోమవారం. ఆమె రెండుసార్లు అడిగింది, మార్చలేమా అని. మార్చాలంటే సరిహద్దు వారాంతంలోకి జరగాలి. సంతా, సరిహద్దా అని సూటిగా ఆమె ముందే పెట్టాను. ఆమే సరిహద్దు అంది.

కాగితాలు

పాస్‌పోర్టులు అన్నీ తెమ్మన్నప్పుడు అబ్బాయిది ఐదు నెలల్లో ముగుస్తున్నట్టు తేలింది. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లే ఉంటుందని, పెద్దలతో పాటు తీయించినా ముందే అయిపోతుందని ఇళ్లలో గుర్తుండదు. ప్రయాణానికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. తల్లిదండ్రులిద్దరి సంతకాలతో కొత్తది తీయించాకే వీసా దరఖాస్తు వేశాం.

పెద్దావిడ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. మన దగ్గర ఇది మామూలే. విమాన టికెట్ బుకింగ్‌లో మాత్రం ఆ గడి ఖాళీగా వదలనివ్వరు. తోచిన ఇంటిపేరు రాయకుండా, విమాన సంస్థను అడిగి వాళ్లు చెప్పిన పద్ధతిలోనే నింపించాను.

రెండు దేశాలకూ ఆన్‌లైన్ రాక పత్రాలున్నాయి, రెండూ ఉచితం. చేరే రోజుకు మూడు రోజుల ముందు నుంచే నింపనిస్తారు. డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా అది ప్రభుత్వానిది కాదు. ఇక్కడో మెలిక ఉంది. మలేసియా పత్రం ఇంట్లో కూర్చుని నింపుతారు. సింగపూర్ పత్రం గడువు ప్రయాణం మధ్యలో వస్తుంది, అప్పుడు ఎవరికీ గుర్తుండదు. ఆ పని అమ్మాయికి అప్పగించాను. ఆదివారం మధ్యాహ్నం హోటల్ గదిలో ఆరుగురివీ ఆమే నింపింది, తండ్రి సరిచూశారు.

సామానులో రెండు విషయాలు గట్టిగా చెప్పాను. సింగపూర్‌కు గసగసాలు పనికిరావు. పెద్దావిడ ఇంటి మసాలా పొడిలో అవి ఉన్నాయి, ఆ డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది. కోడీన్ ఉన్న దగ్గు మందులు, కొన్ని రకాల నిద్రమాత్రలకు అక్కడ ముందస్తు అనుమతి కావాలి. పెద్దాయన మందులన్నీ డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలో. ఇన్సులిన్ చెకిన్ సామానులో వేయకూడదు. మారిన వేళలకు మోతాదు ఎలా అన్నది డాక్టర్‌నే అడగమన్నాను. అది నా పని కాదు.

అమలులో నిలవనివి

కాగితం మీద బాగున్నదంతా నేల మీద నిలవలేదు.

విమానాశ్రయంలో చక్రాల కుర్చీ పెద్దావిడకు ముందే చెప్పి ఉంచాం. హైదరాబాద్‌లోనే తిరస్కరించారు. “నేనేమైనా లేవలేని దాన్నా?” కోడలు ఎంత చెప్పినా వినలేదు. కౌలాలంపూర్‌లో దిగి, ఆ పొడవాటి నడక, ఇమిగ్రేషన్ వరస చూశాక ఆమె నోరు విప్పలేదు కానీ, తిరుగు ప్రయాణంలో కుర్చీ తెస్తే కూర్చున్నారట.

బటు గుహల దగ్గర నా లెక్క వేరు. గుహ ఆలయానికి 272 మెట్లు. పెద్దావిడ కింద 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం దగ్గర దండం పెట్టుకుని, పక్కనే నేల మట్టంలో ఉన్న రామాయణ గుహ చూస్తారని, మెట్లు పెద్దాయన, కొడుకు ఎక్కుతారని రాశాను. ఆమె విగ్రహం ముందు నిలబడి పైకి చూశారు, కొంగు బిగించి ఎక్కడం మొదలుపెట్టారు. కొడుకు చెయ్యి పట్టుకుని, మధ్యమధ్యలో కూర్చుంటూ పైదాకా వెళ్లారు. గంట పట్టింది. ఆ రోజు మధ్యాహ్నం ఖాళీగా ఉంది కాబట్టి ఏదీ తప్పిపోలేదు. మర్నాడు మోకాళ్లు వాచాయి, మలక్కాలో పడవ ప్రయాణం తప్ప ఏమీ చేయలేదు. ఆ రోజు గెంటింగ్ పెట్టుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

మలక్కా సోమవారం వెలవెలబోయింది. సగం దుకాణాలు మూత, మ్యూజియంలు సెలవు. 1753 నాటి ఎర్ర చర్చి ముందు ఫొటోలు దిగి కోడలు నిరుత్సాహంగా తిరిగింది. లాభపడింది పెద్దాయనే. వినాయకుడి గుడి ఉందని ఎవరో చెబితే నడుచుకుంటూ వెళ్లారు. అది 1781 నాటి శ్రీ పొయ్యాత వినాయగర్ ఆలయం, మలేసియాలోని అతి పాత హిందూ ఆలయాల్లో ఒకటి. అదే వీధిలో పాత మసీదు, చైనీయుల గుడి. ఆయన రెండు గంటలు అక్కడే గడిపారు. నా కాగితంలో ఆ గుడి పేరే లేదు.

సరిహద్దులో సెకండ్ లింక్ దారి ఖాళీగానే ఉంది. కానీ పెద్దావిడ వేలిముద్రలు యంత్రానికి అందలేదు. ఇంటి పని, పొలం పని చేసిన చేతులకు ఇది జరుగుతుంటుంది. అందరినీ వ్యాను దింపి లోపలి గదికి పంపారు, చాలాసేపు పట్టింది. ఎవరూ కసరలేదు, ఇంకో పద్ధతిలో నమోదు చేసుకుని పంపారు. భర్త నాకు సందేశం పెట్టారు: “ఇవాళ సాయంత్రం ఏమీ లేదు కదా?” లేదు. దేశం మారే రోజు సాయంత్రానికి డబ్బు కట్టిన టికెట్ ఏదీ పెట్టకూడదన్నది నా పాత నియమం.

అసలు గొడవ బుధవారం

ఇది కొంచెం విడమరిచి చెప్పాలి.

బుధవారం యూనివర్సల్. ఆ రోజు పెద్దవాళ్లకు నేను రాసింది: ‘విశ్రాంతి, హోటల్.’ ప్రయాణానికి పది రోజుల ముందు ఆ కాగితం పెద్దాయన చదివారు. కొడుకుతో ఏమీ అనలేదు. నాకు ఫోన్ చేశారు. “అంత ఖర్చు పెట్టుకుని అక్కడిదాకా వచ్చి గదిలో పడుకోవడానికైతే మా ఊళ్లోనే పడుకుంటాం కదండీ.”

ఆయన అన్నది నిజం. వాళ్లను యూనివర్సల్‌కు తీసుకెళ్లడం ఒక దారి. కానీ ఎండలో రోజంతా నడక, పైగా పిల్లలు వాళ్ల కోసం ఆగాలి, వాళ్లు పిల్లల కోసం ఆగాలి. ఇంకో దారి, గైడును పెట్టడం. అపరిచితుడి వెంట తిరగడం ఆయనకు ఇష్టం లేదు. ఇద్దరూ సొంతంగా తిరగగలిగే రోజు ఒకటి తయారు చేయాలి. ఇంగ్లిషు రాదు, మెట్రో అలవాటు హైదరాబాద్‌లో కొద్దిగా ఉంది.

హోటల్ లిటిల్ ఇండియాలో తీసుకున్నది మొదట భోజనం కోసమే. సెంటోసాలో ఉంటే పిల్లలకు బాగుంటుంది కానీ ముప్పూటలా శాకాహారం వెతుక్కోవాలి. ఇప్పుడు ఆ చోటు ఇంకో రకంగా కలిసొచ్చింది. నడిచి వెళ్లే దూరంలో సెరంగూన్ రోడ్డు మీదే శ్రీ శ్రీనివాస పెరుమాళ్ ఆలయం ఉంది, 1855 నుంచి ఉన్నది. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి ఉదయమే దర్శనం, ఆ వీధిలోనే అరిటాకు భోజనం, గదికొచ్చి కునుకు. సాయంత్రం లిటిల్ ఇండియా స్టేషన్లో ఊదా రంగు లైను రైలు ఎక్కితే ఎక్కడా మారకుండా హార్బర్‌ఫ్రంట్ చేరతారు. అది ఆ లైనులో చివరి స్టేషన్, దిగకుండా దాటిపోతామన్న భయం లేదు. కేబుల్ కారు ఎక్కేది అక్కడే. సెంటోసా నుంచి పిల్లలు బయటికొచ్చేదీ అక్కడికే. కొడుకు ఐదింటికి వచ్చి గేటు దగ్గర నిలబడాలి. గేటు దాటడానికి ఒక్కొక్కరికి ఒక్కో కార్డు కావాలి కాబట్టి ఇద్దరికీ విడిగా కార్డులు, వాటి వెనక తెలుగులో స్టేషన్ల పేర్లు.

కోడలికి భయం, దారి తప్పితే ఎలా అని. మంగళవారం సాయంత్రం ఖాళీగా ఉంది కదా, ఆ లైనులో ఒకసారి అందరూ కలిసి వెళ్లి రమ్మన్నాను. వెళ్లొచ్చారు. బుధవారం పెద్దవాళ్లిద్దరూ కొడుకు కంటే ముందే చేరి అతని కోసం ఎదురుచూశారు. చీకటి పడే వేళ ఆరుగురూ ఒకే పెట్టెలో సముద్రం దాటారు. ఆ వారంలో అన్నిటికంటే బాగున్నదేది అని తర్వాత అడిగితే పెద్దాయన కేబుల్ కారు అనలేదు. “మేమిద్దరమే రైల్లో వెళ్లాం” అన్నారు.

యూనివర్సల్ గురించి ఒక మాట. కొన్ని రైడ్లకు ఎత్తు కొలత ఉంటుంది. 102 సెంటీమీటర్లు, 122 సెంటీమీటర్లు ఇలా. అబ్బాయిని ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలిపించి, ఎక్కలేనివి ముందే చెప్పించాం. గేటు దగ్గర ఏడుపు తప్పింది. అమ్మాయితో ఒకరు, అబ్బాయితో ఒకరు ఉండేలా దంపతులు విడిపోయారు.

పనిచేసినవి

రెండున్నర గంటల తేడాను ఎలా వాడుకున్నామన్నది చెప్పుకోదగ్గది. తూర్పుకు వెళ్తే ఉదయాలు బరువు, రాత్రులు తేలిక. అక్కడ రాత్రి 8.45 అంటే పిల్లల ఒంటికి సాయంత్రం ఆరుంబావు. గార్డెన్స్ బై ద బేలో ఉచిత దీపాల ప్రదర్శన 7.45కి, 8.45కి ఉంటుంది. రెండోదానికి కూడా అబ్బాయి హుషారుగానే ఉన్నాడు. బటు గుహలకు పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నాల్లో ఆ కాలంలో అక్కడ ఉరుములతో వాన. అందుకే ఆ ఉదయం పెద్దవాళ్లు, కొడుకు మాత్రమే వెళ్లారు. తెల్లవారుజామున లేచే అలవాటు వాళ్లకు ఎలాగూ ఉంది. కోడలు, పిల్లలు పడుకున్నారు, ఎవరికీ లోటు లేదు. పెట్రోనాస్ టవర్లు సోమవారం మూసి ఉంటాయి కాబట్టి ఆదివారం సాయంత్రానికి టికెట్ ముందే తీసుకున్నారు.

సింగపూర్‌లో ఆరుగురూ మామూలు టాక్సీలో పట్టరు. పైగా 1.35 మీటర్ల కంటే పొట్టి పిల్లలకు కారులో తగిన సీటు ఉండాలి. ఆ నిబంధన నుంచి టాక్సీలకు మినహాయింపు ఉంది, యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లకు లేదు. జూకు వెళ్లడానికి పెద్ద టాక్సీ ముందే చెప్పి ఉంచడం వల్ల గురువారం పొద్దున రోడ్డు మీద వాదన లేకుండా పోయింది. చివరి రోజు హోటల్లో ఒక్క గది మాత్రం సాయంత్రం దాకా ఉంచుకున్నారు. పెద్దావిడ కాళ్లు చాపుకుంటే మిగతావాళ్లు సెరంగూన్ రోడ్డులో డబ్బు ఖర్చు పెట్టారు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

ఆరుగురు వచ్చినా ఇద్దరు వచ్చినా అందరితో విడివిడిగా మాట్లాడటం ఇప్పుడు తప్పనిసరి చేశాను. పట్టిక ఎవరు తెచ్చారో వాళ్లతో మాత్రమే మాట్లాడితే ఆ పట్టికనే దిద్దుతాం. ఈ కుటుంబంలో గెంటింగ్ ఎవరికీ అక్కర్లేదన్న సంగతి ఐదో ఫోన్ దాకా బయటపడలేదు.

సరిహద్దు దాటే రోజు, వేళ, దారి ముందు రాస్తాను. తర్వాతే హోటళ్లు, ఆ తర్వాతే చూసేవి. సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు. అందుకే ఆఖరికి మిగిలిన రోజున దాటతారు, అది దాదాపు ఎప్పుడూ ఆదివారమే అవుతుంది.

ఎవరి పేరు ఎదురుగానూ ‘విశ్రాంతి’ అని మాత్రమే రాయను. పడుకోవడం కూడా ఉంటుంది, కానీ దాని చుట్టూ వాళ్లదంటూ ఒక పని, ఒక చోటు ఉండాలి. పెద్దవాళ్లకైతే తిరిగి కలిసే సమయం, స్థలం ముందే రాసి ఉండాలి.

ఈ అమరిక అన్ని చోట్లా నప్పదు. కౌలాలంపూర్, సింగపూర్ మధ్య మంచి రోడ్డు ఉంది, మధ్యలో ఆగడానికి మలక్కా ఉంది, ఒక దేశానికి వీసా అక్కర్లేదు. మూడూ కలవడం అరుదు. నేపాల్, భూటాన్ కలిపి అడిగిన ఇంకో కుటుంబానికి ఇదే పూటల లెక్క వేస్తే రెండో దేశమే మిగల్లేదు, ఒక్క నేపాల్‌కే పంపాను. అలాగే ఈ కేసులో భార్యకు మలక్కా సంత బాకీ ఉండిపోయింది. సోమవారం పెట్టడానికి కారణం నాకిప్పటికీ సరైనదే అనిపిస్తుంది. ఆమె మాత్రం ఈసారి పిల్లలు లేకుండా, శుక్రవారం అక్కడ ఉండేలా ఇద్దరికి ప్రణాళిక వేయమని అడిగింది. అందులో బస్సే పెట్టాను.